ఉర్సులీన్ చెప్పిన అడుగులు

మా వదిన ఉర్సులీన్ క్వామినా గురించి ఈ తీరంలో ఎవరినడిగినా మంచే చెబుతారు. నన్నడిగితే మాత్రం కొంచెం ఆగి చెబుతాను. ఆమె మా ఆయన సిల్వెస్టర్‌కు అక్క. చేపలమ్మే మనిషి. పొద్దున్నే పడవలు ఒడ్డెక్కే చోట తట్ట నింపుకుని, టోకో దారి పొడుగునా శంఖం ఊదుకుంటూ నడిచేది. ఆ చప్పుడు వినగానే ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గేట్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. చేప తాజాదేనా అని ఎవరైనా అడిగితే, నీ మొగుడికన్నా తాజాదే తీసుకో అనేది. నోరు అలాంటిది. ఆదివారం మాత్రం తెల్లబట్టలు, తలకు తెల్లగుడ్డ, నడుముకు నీలం ఏప్రన్ కట్టుకుని కొండమీది మా మందిరంలో నర్సుగా నిలబడేది. అప్పుడు ఆమె నోట గట్టి మాట ఒక్కటి వచ్చేది కాదు.

మా మందిరంలో నర్సంటే సూదులేసే నర్సు కాదు. యాత్రకు పడుకున్నవాళ్ళను కనిపెట్టుకుని ఉండే మనిషి. దుఃఖం పట్టి పీడిస్తున్న మనిషి కళ్ళకు గుడ్డలు కట్టించుకుని, మందిరం వెనక మట్టిగదిలో ఏడు రోజులు నేలమీద పడుకుంటుంది. పడుకునే ఎక్కడెక్కడికో నడిచి వస్తుంది. ఆదివారం పొద్దున లేపి, కట్లు విప్పి, అందరి ముందూ కూర్చోబెడతారు. ఎక్కడికి వెళ్ళిందో, ఎవరిని చూసిందో, ఏం తెచ్చుకుందో చెప్పాలి. దాన్నే అడుగులు చెప్పడం అంటాం. ఎవరి అడుగులు వాళ్ళవే. ఇంకొకరివి తీసుకుని తనవని చెప్పుకుంటే మాలో అది దొంగతనంకన్నా నీచం. సిస్టర్ మెనోరా ఏడు రోజులు పడుకుని ఒక్క మేకను చూసింది. లేచి అదే చెప్పింది. మందిరమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ముప్ఫై ఏళ్ళయినా ఆమె పేరు మేక సిస్టరే, కానీ అబద్ధమాడిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఉర్సులీన్ అడుగులు వేరే సంగతి. ఆమె కూతురు ఆల్తియా తొమ్మిదేళ్ళప్పుడు నది వరదలో కొట్టుకుపోయింది. మా దగ్గర కొండల్లో వానపడితే కింద ఎండ కాస్తున్నా సరే, నదికి ఒక్కసారిగా వరద దిగుతుంది. పిల్ల పోయిన మూడో నెలలో ఉర్సులీన్ యాత్రకు పడుకుంది. లేచిన రోజు ఆమె చెప్పింది విని ఏడవని మనిషి లేదు. పెద్ద నది దగ్గరికి వెళ్ళిందట. దానిమీద ఇత్తడి వంతెన ఉందట. అడుగు వేస్తే గంటలా మోగిందట. అవతలి ఒడ్డున ఆల్తియా పొడి బట్టల్లో, రెండు జడలతో నిలబడి, "అమ్మా, నాకిప్పుడు చలి లేదు" అందట. వచ్చేటప్పుడు ఎవరో చేతికి నీలం గుడ్డ ఇచ్చారట. నీలం గుడ్డంటే నర్సు పని. పెద్దావిడ మదర్ ఫిలోమెన్ ఆ రోజే ఆమె నడుముకు ఏప్రన్ కట్టింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు, బిడ్డ పోయిన ప్రతి తల్లికీ ఆ కథే మందు.

ఆ వంతెన మా అమ్మది. మా అమ్మ పెళ్ళికి ముందు, దీవికి ఆ కొసన ఉన్న వాళ్ళ ఊళ్ళో, యాత్రకు పడుకుని చూసిన వంతెన అది. ఇత్తడిది, గంటలా మోగేది. ఒక మధ్యాహ్నం కందికాయలు ఒలుస్తూ నేనే ఉర్సులీన్‌కు చెప్పాను. మందిరంలో ఆమె నోట ఆ మాట రాగానే నా ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి నలుగురిలో కడిగేద్దామనుకున్నాను. లేవలేదు. మంచితనంతో ఊరుకున్నానని ఎవరూ అనుకోవద్దు.

ఆల్తియా పోయే ముందు నాకూ ఉర్సులీన్‌కూ మాటల్లేవు. ఎవరిదో పెళ్ళిభోజనంలో నేను చేసిన కొబ్బరి రొట్టె చెప్పు అట్టలా ఉందని పదిమందిలో అంది. నేనూ ఊరుకోలేదు, ఆమె చేపల తట్ట గురించి అనకూడనివన్నీ అన్నాను. ఆమె కొబ్బరి తురిమే రేకు నా దగ్గర ఉండిపోయింది. ఆమె ఇల్లు నదికి అవతల, నాది ఇవతల. నా గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది కాబట్టి రేకు కోసం పిల్లను పంపింది. అప్పటికి సన్నగా వాన పడుతోంది, కొండలమీద నల్లగా కమ్ముకుంది. ఆల్తియా నా గుమ్మంలో నిలబడి ఒక మాట అడిగింది. నేను కాదన్నాను. రేకు చేతిలో పెట్టి పంపేశాను. సాయంత్రం మగవాళ్ళు పరిగెత్తుకొచ్చి పిల్ల ఇటు వచ్చిందా అని అడిగితే, నేను ఆలోచించేలోపే పిల్ల రాలేదని నా నోరు చెప్పేసింది. రెండు రోజులకు పిల్ల నది సముద్రంలో కలిసేచోట దొరికింది. రేకు దొరకలేదు. కాబట్టి మా ఇంటికి వచ్చేటప్పుడే పోయిందని ఊరంతా అనుకుంది. సిల్వెస్టర్‌కు కూడా నేను చెప్పలేదు. ఆయన ఆ సంగతి తెలియకుండానే పోయాడు.

ఇలా ఆమె అబద్ధం నా దగ్గర, నా అబద్ధం నా కడుపులో, ఇద్దరమూ ఒకే బెంచీమీద కూర్చుని ఇరవై రెండేళ్ళు పాడాము. ఎదురుపడితే పలకరించుకునేవాళ్ళం. పండగకు ఆమె నాకు ఎండుచేప పంపేది, నేను ఆమెకు కోకో ఉండలు పంపేదాన్ని. అంతకుమించి ఏమీ లేదు.

పోయిన లెంట్ ఉపవాసాల రోజుల్లో రొవీనా యాత్రకు వచ్చింది. ఆమెకు ఇరవై నాలుగేళ్ళు, చెక్కలపని చేసే ఆల్విన్ భార్య. ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. చూస్తే తట్టుకోలేవని ఇంట్లో పెద్దవాళ్ళు చూడనివ్వకుండా గుడ్డ కప్పి తీసుకెళ్ళిపోయారు. అప్పట్నించీ రొవీనా ఎవరితోనూ ఆ బిడ్డ మాట ఎత్తలేదు. ఒకరోజు మందిరానికి వచ్చి మదర్ ఫిలోమెన్ కాళ్ళ దగ్గర కూర్చుని తనను పడుకోబెట్టమంది. ఎందుకని అడిగితే ఉర్సులీన్ వైపు చూసింది.

"టాంటీ చూసింది కదా వాళ్ళమ్మాయిని. నేనూ చూస్తాను."

ఊళ్ళో చిన్నవాళ్ళందరూ ఉర్సులీన్‌ను ఆంటీ అన్నట్టు టాంటీ అనే పిలుస్తారు. ఆ మాటకు ఉర్సులీన్ ముఖం పాలిపోవడం నేను చూశాను, నాలో నేను నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మొదటి నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఉర్సులీన్ పక్కనే కూర్చుని తడిగుడ్డతో ముఖం తుడిచేది, పొద్దున్నా సాయంత్రం చెంచాతో నీళ్ళు పట్టేది. గురువారం నాడు రొవీనా నోరు మూసేసింది. బిడ్డ కనపడేదాకా చుక్క ముట్టనంది. టాంటీకి నాలుగోరోజుకే కనపడిందట, తనకు ఇంకా కనపడలేదంటే బిడ్డకు తనమీద కోపమట. ఏడో నెలలో గ్యాస్ సిలిండర్ నెత్తిన పెట్టుకుని కొండెక్కింది, అందుకే బిడ్డ రావడంలేదని ఆమె లెక్క. శుక్రవారానికి పెదాలు పగిలాయి. శనివారం మధ్యాహ్నానికి మాట తడబడసాగింది. ఆల్విన్ గది బయట రాతిమీద కూర్చుని చేతిగోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఎత్తుకుని హెల్త్ సెంటర్‌కు పోదామని నేనన్నాను. ఆ మాట ఆమె చెవిన పడింది. నన్ను ఇప్పుడు లేపితే తిన్నగా సముద్రంలోకి నడుస్తాను అంది. ఆ గొంతు విన్నవాళ్ళెవరికీ ఆమె ఉత్తినే అంటోందని అనిపించలేదు. రేపు పొద్దున లేపేటప్పుడు తాగకపోతే కట్టేసైనా తీసుకెళ్దామని మదర్ ఫిలోమెన్ తేల్చింది.

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఉర్సులీన్ మా పెరట్లోకి వచ్చింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు. బట్టలు మడతపెడుతున్న నా ఎదురుగా నిలబడి, వంతెన మీ అమ్మదని నీకు తెలుసు కదా అంది. తెలుసన్నాను.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

"నాకెందుకులే అనుకున్నా వదినా."

తనకు ఆ ఏడు రోజుల్లో ఏమీ కనపడలేదని అప్పుడు చెప్పింది. కట్లకింద నల్లగా ఉండడం, తల దురద పుట్టడం, వీపుకింద నేల. అంతే. లేచి ఏమీ చూడలేదని చెబితే, కన్నబిడ్డే ముఖం చాటేసిందంటారని భయపడి దొరికినది చెప్పేసిందట. రేపు మాత్రం అందరిముందూ నిజం చెప్పేస్తానంది.

వద్దని నేను గట్టిగా వాదించాను. ఆ పిల్లకున్న ఒక్క ఆశా పీకేస్తావా, ఏప్రన్ పోతుంది, ముసలితనంలో నలుగురిలో తలెత్తుకోలేవు అన్నాను. మాటలన్నీ ఆమె మేలుకోరే మాటల్లానే ఉన్నాయి. నా భయం వేరే. ఆమె ఆ రోజు సంగతి ఎత్తితే ఊరు మళ్ళీ ఆ రోజు దగ్గరికి వెళ్తుంది. ఎవరు ఎక్కడున్నారు, పిల్ల ఎంతదూరం వచ్చింది అని మళ్ళీ అడుగుతుంది. ఆమె మీద జాలి చూపిస్తున్నట్టు మాట్లాడుతూ నన్ను నేను కాపాడుకుంటున్నాను. ఉర్సులీన్ అంతా విని, రొవీనా చచ్చిపోతుంది క్లోటిల్డా అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున మందిరం నిండిపోయింది. నడిమి స్తంభం దగ్గర ఇత్తడి లోటాలో మందారాలు పెట్టారు. మూల మూలకూ నీళ్ళు చల్లారు. గంట మోగింది. ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని రొవీనాను నడిపించుకొచ్చారు. ఆమె కాళ్ళు నేలమీద ఈడ్చుకుపోతున్నాయి. బెంచీమీద కూర్చోబెట్టి మదర్ ఫిలోమెన్ ఒక్కో కట్టూ విప్పింది. ఆ పిల్ల కళ్ళు తెరిచి వెలుతురు చూసి, ఎవరో కొట్టినట్టు ముఖం తిప్పేసింది.

ఏం చూశావు బిడ్డా అని మదర్ అడిగింది.

"ఇంకా రాలేదు. మళ్ళీ కట్టెయ్యండి."

కప్పు నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించింది. నీళ్ళు గడ్డంమీదుగా కారి తెల్లబట్టమీద పడ్డాయి. వెనక ఆల్విన్ లేచాడు. బయట జీపు సిద్ధంగా ఉంది. ఇద్దరు మగవాళ్ళు ముందుకు అడుగేశారు, రొవీనా బెంచీ అంచు రెండు చేతులతో పట్టేసుకుంది. ఆ వేళ్ళు విడదీయాలంటే విరగ్గొట్టాల్సిందే.

అప్పుడు ఉర్సులీన్ రొవీనా ముందు నేలమీద కూర్చుంది. నిలబడి చెప్పాల్సిన చోట కూర్చుంది.

"నేనూ చూళ్ళేదు రొవీనా. ఏడు రోజులూ ఏమీ చూళ్ళేదు. వంతెన లేదు. మా ఆల్తియా రాలేదు. నేను చెప్పిందంతా ఇంకొకరిది."

అడుగులు చెప్పేటప్పుడు మధ్యలో ఔను తల్లీ, చెప్పు తల్లీ అని అరవడం మా అలవాటు. ఆ రోజు ఎవరికీ నోరు పెగల్లేదు. మదర్ ఫిలోమెన్ గంట కిందపెట్టి వచ్చింది. వంగి ఉర్సులీన్ నడుము దగ్గర ముడి విప్పి నీలం ఏప్రన్ తీసేసింది. కోపంగా తీయలేదు, జాలిగానూ తీయలేదు. తీయాల్సింది తీసి బెంచీమీద పెట్టింది. ఉర్సులీన్ ముడి విప్పడానికి వీలుగా చేతులు పైకెత్తింది.

తర్వాత నిజంగా జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. మరదలితో గొడవపడ్డానని, తన పౌరుషం కోసం పిల్లను నది దాటించి పంపానని చెప్పింది. ఆల్తియా ఆ రోజు వెళ్ళనందట, బొమ్మకు బట్టలు కుడుతోందట. ఈమె సూది లాక్కుని, కాళ్ళులేవా నీకు అని అరిచి తోసిందట. పసుపు గౌను వేసుకుందట, ఒక గుండీ ఊడి పిన్నీసు పెట్టి ఉందట. ఆ గుండీ సాయంత్రం కుడతాననుకుందట.

"అది విన్న ఆఖరి మాట నా తిట్టే. దార్లో ఎవరూ లేరు దానికి. ఒక్కర్తే దిగిపోయింది నీళ్ళలోకి. నాకు రాత్రింబవళ్ళూ అదే." 

రొవీనా ఆమెను కళ్ళార్పకుండా చూస్తోంది. ముఖంలో ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పావా అంది, గొంతు సరిగ్గా రాకపోయినా అంది. ఔనంది ఉర్సులీన్. మరి నా బిడ్డ ఎక్కడుంది అని అడిగింది. నాకు తెలియదు, నా బిడ్డ ఎక్కడుందో కూడా తెలియదు అని ఉర్సులీన్ చెప్పింది. ఇక ఇప్పుడు ఎత్తుకుపోవడమే మిగిలిందని నేననుకున్నాను.

అప్పుడు రొవీనా బెంచీ వదిలేసింది.

"జుట్టుంది దానికి. తలనిండా ఉంది. గుడ్డ కప్పేటప్పుడు ఒక్క క్షణం కనపడింది. నల్లగా, తడిగా. నేను చూశానని ఎవరికీ చెప్పలేదు." 

ఆ బిడ్డ గురించి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. ఆల్విన్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు, అతనికీ ఆ సంగతి తెలియదు. ఉర్సులీన్ జుట్టు ఎంత పొడుగుందని అడిగింది. రొవీనా తన వేలిమీద కొలిచి చూపించింది. ఉర్సులీన్ కప్పు అందుకుంది. ఏప్రన్ లేని మనిషి యాత్రలో ఉన్నవాళ్ళకు నీళ్ళు పట్టకూడదు. మదర్ ఫిలోమెన్ వేరేవైపు చూడనూ లేదు, ఆపనూ లేదు. రొవీనా ఒక గుక్క తాగింది, దగ్గింది, మళ్ళీ తాగింది. కప్పు ఖాళీ అయింది.

జనం ఏడుస్తూ దేవుణ్ణి పొగుడుతున్నారు. నేను మాత్రం బెంచీకి అతుక్కుపోయాను. అంతా గట్టెక్కింది, నా సంగతి ఎవరూ అడగలేదు. ఊరుకుంటే ఇంకో ఇరవై రెండేళ్ళు ఊరుకోవచ్చు. కానీ దార్లో ఎవరూ లేరు దానికి అన్న మాట నా చెవిలోంచి పోవడంలేదు. ఆమె తన తప్పంతా నెత్తినేసుకుంది, నా తప్పు కూడా కలిపి వేసుకుంది. పైగా ఆమెది కాని దుఃఖాన్ని ఒకదాన్ని నేను ఆమెకు ఇచ్చాను. పిల్ల ఒంటరిగా పోయిందనుకుంటూ బతకమన్నాను.

నేను లేచాను. ముందు బెంచీ పట్టుకున్నాను.

"వదినా, పిల్ల మా ఇంటికి వచ్చింది."

ఉర్సులీన్ నేలమీంచి లేచి నా దగ్గరికి నడిచి వచ్చింది. చెంప పగలగొడుతుందనుకున్నాను, పగలగొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె నా ముఖానికి జానెడు దూరంలో ఆగింది.

"ఏమంది?"

"అత్తా, వాన తగ్గేదాకా కూర్చోనా అంది."

"నువ్వేమన్నావు?"

"మీ అమ్మకి తొందరట కదా, పో అన్నాను."

ఆమె కళ్ళు మూసుకుంది. ఆమె చేయి నా భుజంమీద పడింది, ఆప్యాయతకు కాదు, పడిపోకుండా ఉండడానికి. ఆ గోళ్ళు దిగిన గుర్తులు వారందాకా నా ఒంటిమీద ఉన్నాయి. మందిరంలో ఎవరో నన్ను తిట్టారు, మదర్ ఫిలోమెన్ వాళ్ళను ఊరుకోమంది. నేను మిగతాదీ చెప్పాను. చెప్పకుండా దాచుకోవడానికి నాకు ఇక హక్కులేదు. పిల్ల మారుమాట్లాడకుండా రేకు తీసుకుందని, దాన్ని నెత్తిమీద గొడుగులా పెట్టుకుందని, వానచినుకులు రేకుమీద టపటపమని మోగాయని చెప్పాను. మెట్లు దిగి వెనక్కి తిరిగి చూసి, ఆ చప్పుడు విన్నావా అత్తా అన్నట్టు తల ఊపిందని చెప్పాను.

"నవ్విందా?" అని ఉర్సులీన్ అడిగింది.

"నవ్వింది వదినా. గేటు దాటేదాకా నవ్వుతూనే ఉంది."

క్షమించానని ఆమె అనలేదు. ఈ రోజుకీ అనలేదు, నేనూ అడగలేదు. ఆ ఆదివారం జనమంతా భోజనాలకు వెళ్ళాక, ఆమె నన్ను మందిరం మెట్లమీద తన పక్కన కూర్చోబెట్టుకుని, మొదట్నించీ మళ్ళీ చెప్పమంది. చెప్పాను. అయిపోయాక కాసేపాగి, రేకు ఏ చేత్తో పట్టుకుందో అది కూడా కలిపి, ఇంకోసారి చెప్పమంది.